చిన్న ట్రిమ్ సాతో రాళ్లు, గాజు కోయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అడుగున నీళ్ల తొట్టి, పైన చిన్న బల్ల, మధ్యలో సందులోంచి పైకి వచ్చిన 4 నుంచి 10 అంగుళాల వజ్రపు బ్లేడు. ట్రిమ్ సా అంటే ఇంతే. ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన రాయిని ఉంగరానికో లాకెట్‌కో సొంతంగా తయారు చేసుకోవాలనుకునేవాళ్లు, గాజు ముక్కలతో బొమ్మలు చేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. వంటగట్టుకు గ్రానైటు కోసే పని వేరు, దాని జోలికి పోవడం లేదు.

ఇంట్లో మార్బుల్ కటర్ ఉంది. దానితోనే కోసుకోకూడదా?

రాయి అయితే తెగుతుంది. కానీ చిన్న రాయికి అది తగిన మిషన్ కాదు. మార్బుల్ కటర్ నిమిషానికి 11,000 చుట్లకు పైగానే తిరుగుతుంది. ఆ వేగంలో 4 అంగుళాల బ్లేడు అంచు సెకనుకు దాదాపు 60 మీటర్లు పరుగెత్తుతుంది. 1440 చుట్ల మోటారుకు నేరుగా బిగించిన 6 అంగుళాల ట్రిమ్ సా బ్లేడు అంచు వేగం సెకనుకు దాదాపు 11.5 మీటర్లే. పైగా కటర్‌తో పని చేసేటప్పుడు రాయి కింద ఉంటుంది, మిషన్ మన చేతిలో ఊగుతుంటుంది. ట్రిమ్ సాలో మిషన్ కదలదు, మనం రాయిని దాని దగ్గరికి తీసుకెళ్తాం. బొటనవేలంత రాయిని కాలితో తొక్కిపట్టి కటర్ పెట్టేవాళ్లను చూసే ఉంటారు. వాళ్ల ధైర్యానికి దండం పెట్టి పక్కకు జరగండి.

ఇంకో సంగతి, వృథా. కటర్ బ్లేడు సుమారు 2 మి.మీ. మందం ఉంటుంది, ట్రిమ్ సా బ్లేడు అర మి.మీ. దగ్గర ఉంటుంది. ఒక మంచి రాయిలోంచి నాలుగు పలకలు తీసేటప్పుడు ఆ తేడా ఏమిటో తెలుస్తుంది.

కటర్‌ను తలకిందులుగా బల్లకు బిగించి, దానికే పలచటి బ్లేడు వేసే ఉపాయం కొందరు చెబుతారు. పలచటి బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ చుట్ల సంఖ్య చూడండి. కటర్ వేగం దాన్ని దాటుతుంటే ఆ ఆలోచన అక్కడే వదిలేయండి.

వజ్రపు బ్లేడు వేలిని కోయదంటారు, నిజమేనా?

సగం నిజం. ఈ బ్లేడుకు పళ్లు ఉండవు. అంచులో ఇమిడిన వజ్రపు రేణువులు రాయిని కొంచెం కొంచెంగా అరగదీస్తాయి. కర్ర కోసే రంపంలా పట్టి లోపలికి లాగదు. మెత్తటి చర్మం వంగుతుంది కాబట్టి తాకీ తాకనట్టు తగిలితే గీతతో పోతుంది. గోరు, ఎముక వంగవు. వాటిని రాయిని కోసినట్టే కోస్తుంది.

దీన్ని రంపం అనుకోకుండా, పలచగా ఉండి తిరుగుతున్న సానరాయి అనుకోండి. ఎంత నొక్కాలి, నీళ్లు ఎందుకు, ధూళి ఎందుకంత ప్రమాదం, బ్లేడు ఎందుకు మొండిబారుతుంది అనే ప్రశ్నలన్నిటికీ సమాధానం అక్కడినుంచే వస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది బట్టల విషయంలో. చున్నీ, కొంగు, వేలాడే జడ, పొడవు చేతుల చొక్కా, గాజులు, చేతి తాడు ఏవీ బ్లేడు దగ్గర ఉండకూడదు. గుడ్డ గ్లౌజులు అసలే వద్దు. తిరిగే ఇరుసు దారపు పోగును పట్టిందంటే గ్లౌజుతో పాటు వేలూ పోతుంది. కళ్లద్దాలు మాత్రం ప్రతిసారీ పెట్టుకోవాల్సిందే, చూపు కోసం పెట్టుకునేవి సరిపోవు, పక్కలు కూడా మూసేవి కావాలి.

ఎలాంటి బ్లేడు కొనాలి?

అంచు అంతా ఒకే వలయంగా, గాళ్లు లేకుండా ఉన్నది. మధ్యమధ్య గాళ్లు ఉన్న బ్లేడు కాంక్రీటుకు, గ్రానైటు పలకలకు. చిన్న రాయిని దానికి ఆనిస్తే ప్రతి గాడీ ఒక దెబ్బ కొడుతుంది, అంచులు చిట్లిపోతాయి.

వజ్రపు పొడిని లోహపు పొడితో కలిపి కాల్చి అంచు కట్టిన బ్లేడ్లు ఎక్కువ కాలం మన్నుతాయి, ఎందుకంటే పై వజ్రాలు రాలిపోతే కింద ఇంకో వరుస ఉంటుంది. పూత వేసిన బ్లేడ్లు చవక. మొదట్లో చురుగ్గా కోస్తాయి, వజ్రం మాత్రం ఒకే పొర. అది పోతే మిగిలేది ఉత్త ఇనుప రేకు. నా మట్టుకు, నేర్చుకునే రోజుల్లో చవక బ్లేడే మేలు. ఎందుకంటే మొదటి బ్లేడును అందరూ వంచేస్తారు.

కొనేముందు నడిమి రంధ్రం కొలత చూసుకోండి. మన దగ్గర కటర్ బ్లేడ్లకు సాధారణంగా 20 మి.మీ. ఉంటుంది. బయటి దేశాల మిషన్లకు అర అంగుళం, 5/8 అంగుళం ఉంటాయి. తేడా ఉంటే సరైన బుష్ (రంధ్రంలో ఇమిడే లోహపు వలయం) వేయించాలి. కాగితం మడిచి ఇరికిస్తే బ్లేడు ఊగుతుంది.

6 అంగుళాల బ్లేడుతో ఎంత లావు రాయి తెగుతుంది?

బ్లేడు వ్యాసంలో మూడో వంతు అనుకోండి. అంటే 2 అంగుళాలు. నడుమ బిగింపు రేకులు, కింద బల్ల కొంత మింగేస్తాయి. నిజానికి ఒకటిన్నర అంగుళం దాకా హాయిగా పోతుంది. రాయిని తిరగేసి రెండోవైపు నుంచి కూడా కోస్తే ఇంకొంచెం లావు తెగుతుంది కానీ రెండు కోతలూ సరిగ్గా కలవవు, మధ్యలో మెట్టు మిగులుతుంది. కొబ్బరికాయంత రాయిని పలకలుగా కోయాలంటే దానికి స్లాబ్ సా అనే పెద్ద మిషన్ వేరే ఉంది.

మోటారు ఎంత ఉండాలి?

4 నుంచి 6 అంగుళాల బ్లేడుకు పావు నుంచి అర హార్స్‌పవర్ చాలు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు మోటార్లు 1440 లేదా 2880 చుట్ల దగ్గర తిరుగుతాయి. చిన్న బ్లేడుకు రెండోది, పెద్ద బ్లేడుకు మొదటిది నప్పుతుంది. అవసరమైతే పుల్లీలతో సర్దుకోవచ్చు.

నీళ్లు పోయాలా, నూనె పోయాలా?

ఇంట్లో చేసేవాళ్లకు నీళ్లే నయం. అగేట్ లాంటి గట్టి రాయి నూనెలో నున్నగా తెగుతుంది, బ్లేడు ఎక్కువ కాలం వస్తుంది, అది నిజమే. కానీ నూనె తుంపరగా లేస్తుంది, గోడలకు అంటుతుంది, కోసిన ముక్కను సబ్బుతో పదేపదే కడగాలి. నూనే వాడాలనుకుంటే ఇందుకోసం అమ్మే మినరల్ ఆయిల్ వాడండి. పాతకాలంలో కిరోసిన్, డీజిల్ కలిపి పోసేవాళ్లు. మూసిన గదిలో ఆ ఆవిరి పీలుస్తూ, పక్కనే మోటారు నిప్పురవ్వలు పెట్టుకుని చేసే పని కాదది.

రంధ్రాలున్న రాళ్లను నూనెలో అసలు కోయకూడదు. ఫిరోజా, ఓపల్ లాంటివి నూనె పీల్చి రంగు మారతాయి, ఆ మరక ఇక పోదు.

నీళ్లతో వచ్చే ఇబ్బంది తుప్పు. లేతు షాపుల్లో పాలలా తెల్లగా కనిపించే కటింగ్ ఆయిల్ ఉంటుంది చూడండి, నీళ్లలో కలిసేది, అది కొద్దిగా కలిపితే తుప్పు తగ్గుతుంది. రంధ్రాల రాయికి మాత్రం ఉత్త నీళ్లే. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఇరుసు చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు ఎలాగూ వృథాయే కదా అని పోయకండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

బ్లేడు అంచు నీళ్లలో పావు అంగుళం దాకా మునిగితే చాలు. ఎక్కువైతే ముఖాన చిమ్ముతుంది, తక్కువైతే బ్లేడు వేడెక్కి వజ్రాలు వదిలేస్తుంది. కోసేటప్పుడు అంచు మీద తడి మెరుస్తూ కనిపించాలి. సన్నటి పొగలాంటిది లేచినా, నిప్పురవ్వ కనిపించినా వెంటనే ఆపండి. పని అయ్యాక తొట్టి ఖాళీ చేసి బ్లేడు తుడవండి. రాత్రంతా నీళ్లలో ఉన్న బ్లేడు పొద్దునకు ఒకవైపు గోధుమరంగుకు తిరుగుతుంది.

గుండ్రటి గులకరాయిని ఎలా పట్టుకోవాలి?

కొత్తవాళ్ల బ్లేడ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. గుండ్రటి రాయి బల్ల మీద నిలవదు. బ్లేడు తాకగానే దొర్లుతుంది, దొర్లితే బ్లేడు కోతలో ఇరుక్కుంటుంది, పలచటి రేకు వంగిపోతుంది. అలా వంగిన బ్లేడును నిటారు చేయడం ఇంట్లో అయ్యే పని కాదు.

రాయికి ముందు ఒక చదును వైపు సంపాదించాలి. సహజంగా చదునుగా ఉన్న వైపును బల్లకు ఆనించండి. అలాంటి వైపు లేకపోతే రాయిని ఒక చెక్క దిమ్మకు అతికించి, దిమ్మను పట్టుకుని తొయ్యండి. అతికించడానికి ఎపాక్సీ వాడొచ్చు. మన కంసాలులు, రాళ్లు సానపట్టేవాళ్లు తరతరాలుగా వాడుతున్న లక్క ఇంకా మంచిది. వేడి చేస్తే అంటుకుంటుంది, మళ్లీ వేడి చేస్తే వదులుతుంది. ఒకటే షరతు, రాయి పూర్తిగా పొడిగా, కొంచెం వెచ్చగా ఉండాలి. చల్లటి రాయికి లక్క పైపైన అంటి కోత మధ్యలో ఊడుతుంది.

రెండు చేతులతో, రెండు బొటనవేళ్లూ బ్లేడుకు చెరోవైపు ఉండేలా పట్టుకోండి. బ్లేడు ఎదురుగా ఏ వేలూ ఉండకూడదు. గోరు సైజు ముక్కలకు చేతులు పెట్టకండి, చిన్న బిగింపు పెట్టండి.

ఎంత గట్టిగా నొక్కాలి? నా కోత వంకర పోతోంది.

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. నొక్కుతున్నారు కాబట్టే వంకర పోతోంది. పలచటి బ్లేడును ముందుకు తోస్తే అది పక్కకు వంగి దారి వెతుక్కుంటుంది. మోటారు శబ్దం వినండి. ఖాళీగా తిరిగేటప్పటి శబ్దానికీ కోసేటప్పటి శబ్దానికీ కొంచెమే తేడా ఉండాలి. గొంతు బరువెక్కితే మీరు తొందరపడుతున్నట్టే. అంగుళం అగేట్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి.

గీత తప్పిందని కోత మధ్యలో రాయిని తిప్పకండి. ట్రిమ్ సా తిన్నగానే కోస్తుంది. వంపులు కావాలంటే బయటినుంచి లోపలికి దగ్గరదగ్గరగా చిన్న చిన్న కోతలు పెట్టి, మిగిలిన పళ్లను విరిచేసి, సాన మీద సరిచేసుకోవాలి.

చివరి రెండు మి.మీ. దగ్గర ఇంకా నెమ్మదించండి. అక్కడ ముక్క తన బరువుకే విరిగి అంచున మొన మిగులుతుంది. తెగిపోయే ముక్కకు కింద ఆసరా ఉంటే ఆ మొన చాలావరకు రాదు.

గీత దేనితో గీయాలి?

అల్యూమినియం తీగతో గీయండి, మొన చెక్కితే పెన్సిల్‌లా గీస్తుంది, నీళ్లకు పోదు. ఇత్తడి తీగా పనికొస్తుంది. మార్కర్ పెన్ సిరా సన్నటి పగుళ్లలోకి ఇంకి, మెరుగు పెట్టాక కూడా కనిపిస్తుంది.

మొన్నటిదాకా బాగా కోసింది, ఇప్పుడు రాయి మీద జారుతోంది. బ్లేడు అయిపోయిందా?

చాలాసార్లు అయిపోదు. అగేట్, చెకుముకి లాంటి గట్టి, సన్నరేణువు రాళ్లు కోసినప్పుడు పైకి తేలిన వజ్రాలు అరిగిపోతాయి. వాటి చుట్టూ ఉన్న లోహం మాత్రం అరగదు, కాబట్టి కింది వజ్రాలు బయటికి రావు. వేలితో తడిమితే (మిషన్ ఆపి, ప్లగ్గు తీసి) అంచు నున్నగా తగులుతుంది. పదును రావాలంటే ఆ లోహాన్ని కొంచెం అరగదీయాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే కార్బొరండం సానరాయిలో కానీ, మెత్తటి ఇటుక ముక్కలో కానీ నీళ్లతో కొన్ని కోతలు పెట్టండి. గరగరలాడే గుణమున్న ఏ మెత్తటి రాయైనా ఈ పని చేస్తుంది.

పూత బ్లేడుకు ఈ వైద్యం పనిచేయదు. దానికి లోపల ఇంకో పొర లేదు.

గాజు కోయొచ్చా?

బాగా కోయొచ్చు. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో గాజుది 5.5 దగ్గర, అగేట్‌ది 6.5 నుంచి 7. బ్లేడుకు గాజు తేలికే. చిక్కంతా పెళుసుతనంతో. సన్న రేణువు బ్లేడు, ధారాళంగా నీళ్లు, రాయికి పెట్టిన వేగంలో సగం. ఈ మూడూ ఉంటే అంచులు చిట్లవు. గాజు అడుగున పాత గాజు పలక ఒకటి ఆనించి రెండూ కలిపి కోస్తే చిట్లే అంచు కింది దానికి పోతుంది. నీళ్లు మధ్యలో ఆగిపోయి, వేడెక్కిన గాజు మీద మళ్లీ ఒక్కసారిగా పడ్డాయంటే అక్కడే టప్పున పగులుతుంది.

కిటికీ అద్దాన్ని తిన్నగా రెండు ముక్కలు చేయడానికి మాత్రం ఈ మిషన్ దండగ. ఫ్రేములు కట్టే షాపులో వాడే గీత కటర్ పది సెకన్లలో చేసే పని అది. మందపాటి గాజు దిమ్మలు, కరిగించి అతికించిన గాజు, ఫిరోజాబాద్ లాంటి చోట కొలిమిలో మిగిలే రంగు గాజు గడ్డలు, వీటి దగ్గర ట్రిమ్ సా అవసరం తెలుస్తుంది.

టఫెన్డ్ గాజు కోయడానికి వీల్లేదు. కారు పక్క అద్దాలు, షాపు తలుపులు, షవర్ అద్దాలు ఎక్కువగా ఇవే. లోపల బిగుతు దాచుకున్న గాజు కాబట్టి బ్లేడు తాకగానే మొత్తం గులకలైపోతుంది. మూలన చిన్న ముద్ర ఉందేమో చూడండి. లేకపోతే పోలరైజ్డ్ చలవకళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట చూడండి, మచ్చలు, చారలు కనిపిస్తే అది టఫెన్డే. కారు ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది బ్లేడుకు జిగురులా పట్టుకుంటుంది.

సీసాలైతే అడ్డంగా ఒకే ఊపున కోయకండి. గోడ మందం వరకే బ్లేడు ఆనించి, సీసాను నెమ్మదిగా దొర్లిస్తూ చుట్టూ కోయాలి. ముందు మూత తీసేయండి. గోలీసోడా సీసా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మెడ దగ్గర మందం ఒక్కచోట ఒక్కలా ఉంటుంది, మొదటి ప్రయత్నానికి పనికిరాదు. క్రిస్టల్ గాజులో సీసం ఉండొచ్చు. పాత ఎరుపు, పసుపు రంగు గాజు ముక్కల్లో కాడ్మియం ఉండొచ్చు. వాటి బురదను చేతులతో కెలకొద్దు.

నీళ్లతో కోస్తున్నాను కదా, మాస్కు ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. పలుగురాయి, అగేట్, జాస్పర్, గ్రానైటు అన్నిటిలో స్ఫటిక సిలికా ఉంటుంది. అది పొడి అయితే కంటికి కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుక్కు వెళ్లి అక్కడే మచ్చ కడతాయి. దీన్నే సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. క్షయ వచ్చే ముప్పును కూడా పెంచుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ సానపట్టే కుటుంబాలను, మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసినవాళ్లను ఈ జబ్బే తినేసింది. కృత్రిమ క్వార్ట్జ్ వంటగట్టు పలకల్లో 90 శాతానికి పైగా సిలికా ఉండే రకాలున్నాయి. వాటిని కోసే యువకుల్లో జబ్బు ముదరడం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది. ఇంటి పనిలో మిగిలిన అలాంటి ముక్కలతో కోత నేర్చుకుందామనుకుంటే, వద్దు.

నీళ్లు ధూళిని చాలావరకు పట్టేస్తాయి, అన్నీ కాదు. బ్లేడు చిమ్మే తుంపరలోనూ రేణువులుంటాయి. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు వాటిని ఆపలేవు. కనీసం ఎన్95, అదీ ముఖానికి బిగుతుగా. గడ్డం ఉంటే అది సరిగ్గా అతకదు.

ఎక్కువమంది మరిచిపోయేది పని అయ్యాక జరిగేది. బల్ల మీద, నేల మీద, బట్టల మీద చిమ్మిన బురద ఆరితే మళ్లీ ధూళే. చీపురుతో ఊడవకండి. తడిగా ఉండగానే తడిగుడ్డతో తుడవండి. పనిబట్టలు దులపకుండా విడిగా ఉతకండి. పొడిగా, ఒక్క కోతే కదా అని కూడా కోయవద్దు.

ఏ రాళ్లు కోయకూడదు?

పాదరసం ఉండే ఇంగిలీకం (సిన్నబార్), సీసం ఉండే గెలీనా ఇంట్లో కోయకండి. మాలకైట్ అందంగా ఉంటుంది, అందులో రాగి ఉంది. కోస్తే పూర్తి నీళ్లలో, మాస్కుతో. పీచుపీచుగా, పట్టుదారాల్లా మెరిసే ఆకుపచ్చ సర్పెంటైన్ రాళ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కడప జిల్లా పులివెందుల ప్రాంతం ఆస్బెస్టాస్‌కు పేరున్నదే, అటువైపు ఏరుకున్న పీచు రాయి ఏదైనా బ్లేడు దాకా తేవద్దు. ఏ రాయో తెలియకపోతే, తెలిసేదాకా ఆగండి.

నేర్చుకోవడానికి మన దగ్గర ఏ రాళ్లు మంచివి?

ముందు ఫ్లోరింగ్ షాపుల బయట పడి ఉండే కడప నల్లబండ, బేతంచెర్ల బండ ముక్కలు అడిగి తెచ్చుకోండి. సున్నపురాయి కాబట్టి మెత్తగా తెగుతుంది, చదునుగా ఉంటుంది, పోయినా బాధ లేదు. తాండూరు బండ కూడా అంతే, కాకపోతే పొరలుగా విడిపోవచ్చు. చీమకుర్తి నల్లరాయి ముక్క దొరికితే తర్వాత ప్రయత్నించండి. గెలాక్సీ అని అమ్మే ఆ రాయిలో బంగారు చుక్కలు ఏ వైపు నుంచి కోస్తే ఎక్కువ మెరుస్తాయో వెతకడం సరదాగా ఉంటుంది.

అసలు ఆనందం గోదావరి గులకల్లో ఉంది. దక్కన్ నల్లరాతి నేలల మీదుగా వచ్చే నది కాబట్టి అగేట్, జాస్పర్ కొట్టుకొస్తాయి. బయట మట్టిరంగులో ఉండే రాయిని కోస్తే లోపల చారలు చారలుగా బయటపడొచ్చు, ఉత్త తెల్లరాయీ కావచ్చు. తడిపి ఎండకు పట్టి చూడండి. అంచున వెలుగు దూరితే కోయదగ్గదే. అభయారణ్యాల్లో, తవ్వకాలు జరిగిన పురావస్తు స్థలాల్లో మాత్రం ఏమీ ఏరకండి. అక్కడి పూస ముక్క మీకు రాయిలాగే కనిపించినా కోయాల్సిన రాయి కాదు.

తొట్టి అడుగున మిగిలిన బురద సింకులో పోయొచ్చా?

వద్దు. పైపు వంపులో పేరుకుని సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్లో ఒక రాత్రి ఉంచితే పైన తేరుతుంది. ఆ నీళ్లు మళ్లీ తొట్టికే వాడుకోవచ్చు. అడుగు బురదను తడిగానే కవర్లో మూటకట్టి చెత్తలో వేయండి.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెట్టుకోవచ్చా?

శబ్దం మిక్సీ కంటే ఎక్కువేమీ కాదు, కానీ మిక్సీ అరగంట నడవదు కదా. మిషన్ కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే కింది ఫ్లాటువాళ్లతో గొడవ తగ్గుతుంది. తుంపర బట్టలారేసే తీగ వైపు పోకుండా మూడు వైపులా అడ్డు పెట్టండి.

నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉన్నాయి కాబట్టి ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. వైరు సాకెట్టుకు చేరేముందు కొంచెం కిందికి వేలాడి పైకి వెళ్లేలా పెట్టండి, అప్పుడు జారిన నీటిచుక్క సాకెట్టులోకి పోకుండా కింద రాలుతుంది. పాదంతో నొక్కే స్విచ్ ఉంటే ఇంకా మేలు, చేతులు రాయి మీదే ఉంటాయి.

మిషన్ ఎక్కడ దొరుకుతుంది?

రాళ్ల పనికి దేశంలో పెద్ద ఊరు జైపూర్, అక్కడ కొత్తవీ పాతవీ దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో కనిపించే బొమ్మలాంటి చిన్న మిషన్లలో చాలావాటికి మోటారు బలం చాలదు, గాజుకు, మెత్తటి రాయికే సరి. పాతది కొంటే బ్లేడు తీసేసి ఇరుసును చేత్తో ఊపి చూడండి. కదిలితే బేరింగు పోయినట్టు. బేరింగు మార్చడం చవకే, కానీ బేరంలో ఆ మాట వాడుకోవచ్చు.

పలక కోసేశాను. ఇక మెరుపు ఎలా?

ట్రిమ్ సా పని ఇక్కడితో అయిపోయింది. ఉంగరం రాయికి పలక 5, 6 మి.మీ. మందం ఉంటే చాలు. అక్కడినుంచి ముతక సాన మొదలుపెట్టి, ఒక్కో మెట్టు సన్నం చేసుకుంటూ, చివర పాలిష్ పొడి దాకా వెళ్లాలి. ముతక గీతలు పూర్తిగా పోకముందే సన్నానికి దిగితే ఆ గీతలు పాలిష్ కింద అలాగే కనిపిస్తాయి. ఒక్కో మెట్టు తర్వాత రాయినీ చేతులనూ శుభ్రంగా కడగండి, ముతక రేణువు ఒక్కటి అంటుకుని వచ్చినా పని మళ్లీ మొదటికే. పాలిష్‌కు కూడా నీళ్లు, మాస్కు ఉండాల్సిందే.